ఇంట చేసికొను సి విటమిను సీరము

ముఖమునకు పూసికొను సి విటమిను సీరమును ఇంటిలో ఎట్లు చేసికొనవచ్చును, ఏ మేరకు చేసికొనవచ్చును, ఎచట ఆగవలెను అను విషయములను గుఱించి ఈ పూట మీతో ముచ్చటింపదలచితిని. గోధుమవన్నె గాజుసీసాలలో, రబ్బరుతిత్తి అమర్చిన సన్నని గొట్టముతో అంగళ్లలో అమ్ముడుపోవుచున్న ఈ ద్రవమును మీలో అనేకులు చూచియే యుందురు. దాని వెల విని వెనుదిరిగినవారును, వెలకు వెఱవక కొని తెచ్చి, నెల తిరుగకమునుపే అది తేనెరంగునకు మాఱుట చూచి వ్యాకులపడినవారును కలరు. ఆ రంగు మాఱుటలోనే ఈ విషయమునకు సంబంధించిన శాస్త్రమంతయు ఇమిడియున్నది. ఏ గుణముచేత ఈ పదార్థము చర్మమునకు మేలు చేయుచున్నదో ఆ గుణముచేతనే అది సీసాలో నిలువలేక చెడిపోవుచున్నది. ఈ యొక్క సంగతి బోధపడినచో, తయారుచేయు విధానములోని ప్రతి నియమమునకును కారణము దానంతటదియే తెలియును. బోధపడనిచో ఎన్ని కొలతలు వల్లించినను ప్రయోజన ముండదు.

సి విటమినునకు రసాయనశాస్త్రములో ఆస్కార్బిక్ ఆమ్లమని పేరు. దీని చరిత్ర సముద్రముమీద ప్రారంభమైనది. నెలల తరబడి పచ్చికూరయు పండును ఎఱుగక ఓడలలో ప్రయాణించు నావికులకు చిగుళ్లు వాచి నెత్తురు కాఱుట, ఎన్నడో మానిన గాయములు తిరిగి విచ్చుకొనుట, కడపట ప్రాణమే పోవుట సామాన్యముగ నుండెడిది. స్కర్వీ యను ఆ వ్యాధికి మందు వెదకుచు 1747వ సంవత్సరములో జేమ్స్ లిండ్ అను నౌకావైద్యుడు, సాలిస్‌బరీ యను యుద్ధనౌకపై 12 మంది రోగులను ఇద్దఱిద్దఱిగా ఆఱు జట్లు చేసి, ఒక్కొక్క జట్టునకు ఒక్కొక్క విధమైన చికిత్స చేసెను. వారిలో నారింజలును నిమ్మపండ్లును తిన్న యిద్దఱు మిగిలినవారందఱికంటె ముందుగ, కొలదిదినములలోనే కోలుకొనిరి. అయితే ఆ లిండ్ మహాశయుడే, పండ్లు ఓడలో నిలువయుండవని తలచి, వాని రసమును నిప్పుసెగపై ఇగిర్చి చిక్కని పాకముగ చేసి దాచుకొనుడని సలహా యిచ్చెను. ఆ పాకములో పులుపు నిలిచినది గాని, రోగమును మాన్పు సారము చాలవఱకు సెగకు హరించిపోయినది. పులుపు వేఱు, సి విటమిను వేఱు అను సంగతియు, రెండవది మిక్కిలి సుకుమారమైనదను సంగతియు ఆనాటి కెవ్వరికిని తెలియవు. మనకు తెలిసియు మనము అదే పొరపాటు చేయుచున్నాము. ఆ మాట తరువాత చెప్పెదను.

1928లో ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గి యను హంగరీదేశపు శాస్త్రజ్ఞుడు కేంబ్రిడ్జిలో పనిచేయుచు ఈ పదార్థమును మొట్టమొదట వేఱుపఱచెను. పిమ్మట స్వదేశమున సెగెడ్ నగరములో, అచటి ఎఱ్ఱమిరపకాయలనుండి దానిని కిలోగ్రాముల లెక్కన తీయగలిగెను. 1933లో ఇంగ్లండులో హావర్త్, హర్‌స్ట్ అనువారు దానిని ప్రయోగశాలలో నిర్మించిరి. 1937లో సెంట్ గ్యోర్గికి వైద్యమునను, హావర్త్‌కు రసాయనశాస్త్రమునను నోబెల్ బహుమానములు లభించినవి. నేడు మనకు తెల్లని పొడిరూపమున అగ్గువగ దొరకు ఆస్కార్బిక్ ఆమ్లము ఆ మహనీయుల కృషిఫలమే.

ఇక ఈ పదార్థము చర్మములో చేయు పని యేమి? మొదటిది, కొల్లాజెన్ నిర్మాణము. చర్మమునకు బిగువు నిచ్చు ఈ మాంసకృత్తునకు ముప్పేటగ పెనవేసికొని గట్టిపడుటకు కొన్ని ఎంజైముల సాయము కావలెను; ఆ ఎంజైములలోని ఇనుమును పనిచేయు స్థితిలో నుంచునది సి విటమినే. స్కర్వీరోగికి మానిన గాయములు విచ్చుకొనుటకు కారణ మిదియే. రెండవది, రక్షణము. ఎండ తగిలినపుడు చర్మములో పుట్టు కొన్ని తీవ్రకణములు తమకు లోపించిన ఎలక్ట్రానును పొరుగు కణముల నుండి లాగికొని వానిని చెఱచును. సి విటమిను తన ఎలక్ట్రానును ముందుగ తానే యిచ్చి ఆ దాడిని తనమీదికి తెచ్చుకొనును. మూడవది, వన్నెకు సంబంధించినది. కోసిన ఆపిల్ ముక్క గాలి తగులగనే గోధుమరంగునకు మాఱుటయు, దానిపై నిమ్మరసము పిండినచో మాఱకుండుటయు మన యింటియాడువారందఱు ఎఱిగినదే. ఆ ముక్క రంగు మార్చు ఎంజైమునకును, మన చర్మములో మెలనిన్ అను నల్లని వర్ణకమును పుట్టించు ఎంజైమునకును చుట్టఱికము కలదు. రెండింటికిని ఆయువుపట్టు రాగియే. సి విటమిను ఆ రాగితో చేరి ఎంజైము వేగమును మందగింపజేయును. సగము తయారైన వర్ణకమును వెనుకకు మరల్చును. అందుచేతనే మొటిమలు మానిన చోట మిగులు నల్లమచ్చలు క్రమక్రమముగ పలుచబడును.

ఇచట ఒక ముఖ్యవిషయమును గమనింపుడు. ఈ మూడు పనులకును మూలము, ఎలక్ట్రానును సులభముగ ఇచ్చివేయు స్వభావమే. అట్టి స్వభావము కలది సీసాలో నున్నపుడు ఎవరి కిచ్చును? గాలిలోని ఆమ్లజనికే యిచ్చును. వెలుతురు, వెచ్చదనము, రవంత రాగి, రవంత ఇనుము తోడైనచో ఇంకను త్వరగ నిచ్చును. ఇచ్చిన పిదప అది వేఱొక పదార్థముగ మాఱి, మఱి కొంతకాలమునకు తిరిగిరాని రీతిగ విచ్ఛిన్నమై, లేత పసుపు, నారింజ, కడపట గోధుమరంగులను దాల్చును. కనుక రంగు మాఱిన సీరము, తన సొత్తును చర్మమునకు గాక గాలికి ధారపోసిన సీరమని తెలిసికొనవలెను. పెద్దపెద్ద సంస్థలు ఎన్నో ఉపాయములతో దీనిని నెలల తరబడి నిలుపజూచుచున్నవి. ఇంటిలో చేసికొనువారికి ఆ యుపాయములు లేవు. కాని వారికి వేఱొక మేలు కలదు. ఏ వారమున కా వారము తాజాగ చేసికొనవచ్చును. ఇంటితయారీకి గల ఏకైకబలము తాజాదనమే, అది తప్ప వేఱు లేదు.

ఇందాక పొరపాటు అంటిని. అది నిమ్మరసమును గుఱించినది. నిమ్మచెక్కతో ముఖము రుద్దుకొనుట, శనగపిండిలో నిమ్మరసము కలిపి పట్టించుట మన యిండ్లలో చాలకాలముగ నున్న అలవాటు. సి విటమిను నిమ్మలో నున్నది గదా, ఇంక పొడులును త్రాసులును ఎందులకని కొందఱు అడుగుదురు. 100 గ్రాముల నిమ్మరసములో ఉన్న సి విటమిను సుమారు 50 మిల్లీగ్రాములు మాత్రమే. నూటికి పదిపాళ్ల సీరములో, అంతే తూకమునకు 10,000 మిల్లీగ్రాము లుండును. ఇది రెండువందల రెట్ల భేదము. నిమ్మరసములో మెండుగ నున్నది సిట్రిక్ ఆమ్లము. చర్మమును మండించునది అదియే. అంతకంటె ప్రమాదకరమైనది మఱియొకటి కలదు. నిమ్మతొక్కలోని కొన్ని పదార్థములు చర్మముపై నుండగా ఎండ తగిలినచో, కాలినట్లు బొబ్బలెక్కి, ఆపై నెలల తరబడి మానని నల్లమచ్చలు ఏర్పడును. మచ్చలు పోగొట్టుకొనుటకు చేసిన ప్రయత్నము మచ్చలనే తెచ్చిపెట్టుటకంటె దుఃఖకరమైన దేమున్నది? నిమ్మకాయను పప్పులోనికిని పులిహోరలోనికిని ఉంచుకొని, ముఖమునకు దూరముగ నుంచుడని చేతులు జోడించి కోరుచున్నాను.

ఉసిరికాయ మాట యేమని యడుగువారును కలరు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ప్రకటించిన భారతీయాహారముల పోషకవిలువల గ్రంథములో ఉసిరికాయకు 100 గ్రాములకు 600 మిల్లీగ్రాములును, జామపండునకు 212 మిల్లీగ్రాములును సి విటమిను చెప్పబడినది. భోజనమునకు ఇవి అమృతప్రాయములు. కాని పూతకు చాలవు; ఉసిరిరసములోని సి విటమిను కూడ నూటికి ఒక్క పాలైనను కాదు. అందులోని వగరును, వర్ణమును, గుజ్జును, సూక్ష్మజీవులును చర్మముపైకి ఎక్కించుకొనుట అనవసరము. అట్లే మందులషాపులో దొరకు చప్పరించు మాత్రలను నూఱి నీట కలుపుటయు తగదు. వానిలో పంచదార, రంగు, నారింజవాసన, మాత్ర గట్టిపడుటకు వేసిన పిండిపదార్థములు కలిసియుండును. ఎంత సి విటమిను ఏ రూపమున నున్నదో కూడ మనకు లెక్కకు రాదు.

మఱి తినిన సి విటమిను చర్మమునకు చేరదా? చేరును, రక్తముద్వారా చేరును. కాని ప్రేగులు ఒక మేరకు మించి దానిని లోనికి రానీయవు. ఆ మేర దాటిన దంతయు వ్యర్థమగును. పైనుండి పూసినపుడు చర్మముయొక్క బయటిపొర అడ్డుపడును. ఆ యడ్డును దాటు మార్గమును అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయపు చర్మవైద్యుడు షెల్డన్ పిన్నెల్, ఆయన సహచరులును పరిశోధించి 2001లో ప్రకటించిరి. పందిచర్మముపై చేసిన ఆ పరీక్షలలో తేలినవి ఇవి: ద్రవము ఆమ్లగుణముతో, అనగా పీహెచ్ 3.5కు లోబడి యుండవలెను. నూటికి 20 పాళ్లవఱకే లోనికి పోవు పరిమాణము హెచ్చును, అంతకు మించినచో తగ్గును. మూడురోజులు వరుసగ పూసినచో చర్మము నిండును. చేరినది సగమునకు తగ్గుటకు సుమారు నాలుగు రోజులు పట్టును. అనగా ఎక్కువ గాఢత వలనను, దినమునకు నాలుగుమాఱులు పూయుట వలనను అదనముగ వచ్చునది మంట మాత్రమే.

ఇక తయారుచేయు విధానము. కాగితమును కలమును దగ్గఱ నుంచుకొన్నవారు వ్రాసికొనవచ్చును. 10 గ్రాముల సీరమునకు కొలతలు చెప్పెదను. ముఖమునకు వారముదినములకు అంతకంటె అక్కఱలేదు.

ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లపు పొడి 1 గ్రాము. ఇది ఔషధప్రమాణము కలదిగ, మెత్తగ, తెల్లగ నుండవలెను. పసుపుతిరిగిన పొడిని తీసికొనరాదు. సోడియం ఆస్కార్బేట్ అను పేరుతో అమ్మునది వేఱు. దానికి ఆమ్లగుణము లేదు కనుక మన పనికి రాదు. రెండవది, శుద్ధజలము 8 గ్రాములు. కొళాయినీరు, బావినీరు కూడదు. వానిలోని రాగియు ఇనుమును ఎంత స్వల్పమైనను ఈ పదార్థమునకు శత్రువులు. సూదిమందులలో కలుపుటకు మందులషాపులలో చిన్న గొట్టములలో అమ్ము స్టెరైల్ వాటర్ మిక్కిలి శ్రేష్ఠము. మూడవది, గ్లిసరిన్ 1 గ్రాము. ఇది తేమను పట్టియుంచి, పూతయొక్క కఱుకుదనమును తగ్గించును. వీనితోపాటు చిటికెడు వంటసోడా, పీహెచ్ చూచు కాగితములు, గ్రాములో నూఱవవంతును చూపు చిన్న త్రాసు, గాజుగిన్నె, ప్లాస్టిక్ లేక గాజు పుల్ల, 10 మిల్లీలీటర్లు పట్టు గోధుమరంగు గాజుసీసా కావలెను. రాగి, ఇత్తడి, ఇనుపపాత్రలు దగ్గఱకు రానీయరాదు.

త్రాసు లేక చెంచాతో కొలుచుకొనవచ్చునా యని అడుగకుడు. పొడి మెత్తనైనచో చెంచాలో ఎక్కువయు, పలుకైనచో తక్కువయు పట్టును. కంసాలి గురిగింజతో బంగారము తూచుటకు ఎంత శ్రద్ధ చూపెడివాడో, ముఖమునకు పూసికొను ఆమ్లమును తూచుటకు మనమును అంత శ్రద్ధ చూపవలెను.

ముందుగ సీసాను గిన్నెను పది నిమిషములు నీట మరగించి, పూర్తిగ ఆరనీయవలెను. చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. త్రాసుపై గిన్నె నుంచి 8 గ్రాముల నీరు పోసి, అందు 1 గ్రాము పొడి వేసి నెమ్మదిగ కలుపవలెను. 100 మిల్లీలీటర్ల నీటిలో దాదాపు 33 గ్రాముల ఆస్కార్బిక్ ఆమ్లము కరుగును గనుక, ఈ కొంచెము కరుగుటకు వేడి అక్కఱలేదు. లిండ్ పాకము గతి యేమైనదో తలచుకొని పొయ్యికి దూరముగ నుండుడు. పలుకు లేకుండ కరిగినపిమ్మట గ్లిసరిన్ చేర్పవలెను. అపుడు ఒక్క చుక్క తీసి కాగితముపై వేసినచో పీహెచ్ 2కు పైన కొంచెముగ కనబడును. అది ముఖమునకు మిక్కిలి తీక్ష్ణము. వంటసోడాను పుల్లకొనతో, ఆవగింజంతకు మించకుండ తీసి కలిపినచో బుడగలు లేచును. బుడగలు అణగినపిమ్మట మరల కాగితము చూడవలెను. 3కును 3.5కును నడుమ నిలిచిన వెంటనే ఆపవలెను. తొందరపడి ఎక్కువ వేసినచో ఆమ్లగుణము తఱిగి, ద్రవము చర్మములోనికి పోవు శక్తిని కోలుపోవును.

ఇంతటితో సీరము సిద్ధము. సీసా మెడవఱకు నింపవలెను, ఏలయన సీసాలో మిగిలిన ఖాళీయంతయు గాలియే. బిరడా బిగించి, పైన చేసిన తేదీ వ్రాసి, ఫ్రిజ్జులో నుంచవలెను. మొదటిసారి చేసికొనువారును, సున్నితమైన చర్మము కలవారును అరగ్రాము పొడి, ఎనిమిదిన్నర గ్రాముల నీరు తీసికొని నూటికి అయిదుపాళ్లతో ప్రారంభించుట మేలు.

ఏడు దినములు గడిచినపిమ్మట, ఎంత మిగిలినను, రంగు మాఱకున్నను పాఱబోయుడు. ఇందులో సూక్ష్మజీవులను అరికట్టు మందేదియు మనము కలుపలేదు. పులుపున్న దానిలో బూజు పుట్టదనుకొనుట భ్రమ. ఏడు దినములలోపల పసుపు ముదిరి నారింజరంగు వచ్చినచో ఆనాడే పాఱబోయుడు. ఒక గ్రాము పొడి వెల ఎంత? ఆ కొంచెమునకు లోభించి చెడినదానిని ముఖమునకు పూసికొనుట వివేకము కాదు.

అంగడిసీరములలో ఇ విటమినును ఫెరూలిక్ ఆమ్లమును కూడ చేర్చుట మీలో కొందఱు గమనించియుందురు. డ్యూక్ పరిశోధకులే 2005లో, నూటికి 15 పాళ్ల సి, ఒక పాలు ఇ విటమినులకు అరపాలు ఫెరూలిక్ ఆమ్లము చేర్చినచో ద్రవము స్థిరపడుటయే గాక, ఎండనుండి చర్మమునకు కలుగు రక్షణ రెండింతలగునని చూపిరి. ఈ ఫెరూలిక్ ఆమ్లము మన బియ్యపు తవుడులో కూడ కలదు. అయినను దీనిని ఇంట కలుప యత్నింపవలదు. ఇ విటమిను నూనె, నీటితో పొసగదు. ఫెరూలిక్ ఆమ్లము నీట సరిగ కరుగదు. గొట్టపుమాత్రను పొడిచి పిండినంతమాత్రమున నూనె నీటిపై తేలును గాని సీరము కాదు. ఇంటితయారీ ఆగవలసిన యెల్ల ఇచటనే యున్నది.

పూసికొనుటకు ముందు రెండు దినములు మోచేతి లోపలివైపున ఒక చుక్క రాచి చూడుడు. దద్దురు, వాపు, మానని దురద కలిగినచో ఇది మీకు సరిపడదు. సరిపడినవారు ఉదయము ముఖము కడిగి, తడి పూర్తిగ ఆరినపిమ్మట నాలుగైదు చుక్కలు అఱచేత వేసికొని, కన్నులను పెదవులను తప్పించి అద్దుకొనవలెను. నిమిషముపాటు చిమచిమలాడుట సహజము. మంట నిలిచినచో వెంటనే నీటితో కడిగివేయవలెను. గడ్డము గీచికొన్న వెంటనే, పగిలిన చర్మముపై, పుండ్లపై పూయరాదు. మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ వాడువారు రెండింటిని ఒకే వేళ వాడరాదు. ఆ మందు సి విటమినును చెఱచును. గజ్జి, తామర వంటివి కలవారును, మంగుమచ్చలు కలవారును చర్మవైద్యుని సంప్రదించినపిమ్మటనే దీని జోలికి పోవలెను. దీనిని పూసికొని ఎండలోనికి పోవునపుడు సన్‌స్క్రీన్ లేపనమును, గొడుగును మఱువరాదు. సి విటమిను ఎండ చేసిన హానిని తగ్గింపగలదు గాని ఎండను ఆపలేదు.

మఱియొక హెచ్చరిక. చక్కగ కుదిరినదని పొరుగువారికి పంచుట, సీసాలలో నింపి అమ్ముట మొదలిడకుడు. సౌందర్యసాధనములను తయారుచేసి అమ్ముటకు 1940వ సంవత్సరపు ఔషధ, సౌందర్యసాధనముల చట్టము క్రింద అనుమతి కావలెను. ఆ చట్టము అకారణముగ పుట్టలేదు. మన ముఖముపై మనము చేసికొను ప్రయోగమునకు మనము బాధ్యులము. ఇతరుల ముఖములపై ప్రయోగించుటకు మనకు అధికారము లేదు.

కడపట, నా మనసునకు మిక్కిలి దగ్గఱయైన మాట యొకటి చెప్పి ముగించెదను. ఈ సీరమువలన చామనచాయ పిల్ల పచ్చనిదగునని ఆశించి, పెండ్లిచూపులకు ముందు దీనిని పూయించు తల్లిదండ్రులు కలరు. అట్టిది జరుగదు, జరుగవలసిన అవసరమును లేదు. మనకు పుట్టుకతో వచ్చిన మెలనిన్ రోగము కాదు. తీవ్రమైన ఎండలలో బ్రదుకు జనులకు ప్రకృతి యిచ్చిన కవచము. సి విటమిను చేయునది మచ్చలను పలుచబఱచుట, చర్మమునకు తనదైన ఆరోగ్యమును నిలుపుట మాత్రమే. అదియును రెండు మూడు నెలల ఓర్పుతో. బిడ్డ రంగు మార్చవలెనను కోరికతో ఈ సీసా పట్టవలదని ప్రతి తల్లిని తండ్రిని ప్రార్థించుచున్నాను. మంచి చర్మము కావలెనను వారు మొదట పిల్లలచేతిలో ఒక జామకాయ పెట్టుడు, ఎండవేళ గొడుగు పట్టుడు; ఆపై ఆసక్తియు, త్రాసును, శుభ్రతయు ఉన్నచో ఈ సీరమును చేసికొనుడు. కొలిచి చేయుడు, కొంచెముగ చేయుడు, తాజాగ వాడుడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మీకు సాధ్యము కాకున్నను చేయక యుండుటయే ఉత్తమము; దానివలన మీ ముఖమునకు కలుగు లోటేమియు లేదు.